రెజ్యూమేలో రాసిందే అడుగుతారే చెల్లీ!

వచ్చే నెల్లో ఇంటర్వ్యూ పెట్టుకుని ఇవాళ పైథాన్ మొదటి పాఠం తెరుస్తానంటావేమే చెల్లీ? పక్కింటి పిన్నిగారబ్బాయి జావా నేర్చుకోమన్నాడు. కాలేజీ సీనియరేమో ఇక డేటా సైన్స్‌దే రాజ్యమన్నాడు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి బ్యానర్లు చదివితే, ఆ కోర్సులన్నీ చేయకపోతే మనకి అన్నం పుట్టదేమోనని భయమేస్తుంది. ఇందరి మాటలూ విని నువ్వు చేసిందేంటి? అన్నిటినీ తెచ్చి రెజ్యూమేలో పెట్టేశావు. సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్, మెషీన్ లెర్నింగ్, క్లౌడ్. అంత చిన్న కాగితంలో అంత చదువు ఎలా పట్టిందే తల్లీ!

ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకి ప్యానెల్లో కూర్చునే మనిషిని కాబట్టి, బల్లకి అటువైపు ఏం జరుగుతుందో చెబుతా విను. నువ్వెవరో మాకు తెలీదు. నీ ముందు వచ్చిన పిల్ల బయటికెళ్లి నువ్వు లోపలికొచ్చే ఆ కాస్త సందులో నీ రెజ్యూమే మీద ఓసారి చూపు పారేస్తాం. కంటికి ఏది ఆనితే దాని మీదే మొదటి ప్రశ్న. అంటే ప్రశ్నపత్రం తయారు చేస్తున్నది మేం కాదు, నువ్వు. మెషీన్ లెర్నింగ్ అని రాశావు గనక ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఏంటమ్మా అని అడుగుతాం. నువ్వు నీళ్లు నమిలితే ఆ ఒక్కటీ పోయిందని వదిలెయ్యం. పక్కన రాసిన జావా కూడా ఇలాగే రాసిందేమోనని అనుమానం వస్తుంది. అక్కణ్ణించి నీకు నిజంగా వచ్చినవి చెప్పినా నమ్మకం కుదరడం కష్టం.

అందుకని మొదటి పని కొత్తవి నేర్చుకోవడం కాదు, కొట్టేయడం. రెండు ప్రశ్నలు అడిగితే మూడో ప్రశ్నకి నోరు పెగలనివన్నీ తీసెయ్. ఒక భాష మిగులుతుంది, ఎస్‌క్యూఎల్ మిగులుతుంది, ఒక ప్రాజెక్టు మిగులుతుంది. బోసిగా ఉందంటావా? ఉండనీ. ఏ భాష ఉంచుకోవాలన్న దానికి పెద్ద చర్చ అక్కర్లేదు. చాలా కంపెనీల కోడింగ్ పరీక్షల్లో సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్‌లలో నీకు నచ్చినదాంట్లో రాయనిస్తారు. కాలేజీలో నీ చేత్తో నువ్వు రాసింది ఏదో, అదే నీ భాష. ఇంకా కాస్త బలం కావాలంటే ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలన్నప్పుడే పరీక్ష ఫీజు. నాన్న దగ్గర వేలకు వేలు తీసుకుని కోచింగ్‌కి కట్టే ముందు అవి ఓసారి చూడు.

ఇక ప్రాజెక్టు. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఇళ్ల ధరలు అంచనా వేసేది... ఈ మూడూ వినీవినీ మా చెవులు తూట్లు పడ్డాయే. తప్పు ప్రాజెక్టుది కాదు. ప్రాజెక్టు సెంటర్లో డబ్బులు కట్టి కొనుక్కొచ్చి, రిపోర్టు బైండింగ్ చేయించి, అందులో ఏముందో ఒక్కసారైనా తిప్పి చూడకపోవడం తప్పు. 'ఇందులో నువ్వు చేసిన భాగం ఏది?' అని మేం అడిగేది అందుకే. 'మేం నలుగురం కలిసి చేశామండీ' అన్న జవాబు మాకు పనికిరాదు. నీ డేటాబేస్‌లో పట్టికలెన్ని, ఈ నిలువు వరస ఎందుకు పెట్టావు, బస్సు టికెట్ల ప్రాజెక్టయితే ఒక్క సీటే మిగిలినప్పుడు ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది? ఇలాంటివి అడుగుతాం. కొనుక్కున్నవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

నన్నడిగితే ఈ నెల రోజుల్లో నీ సొంతంగా ఒక చిన్నది కట్టుకో. పెద్ద పేరున్నదేం అక్కర్లేదు. అమ్మ కుట్టుమిషన్ పని చేస్తుంది కదా, బ్లౌజుల లెక్కంతా ఆవిడ పాత కాలెండరు వెనకాల రాసుకుంటుంది. దాన్నే కంప్యూటర్లో పెట్టు. పెట్టబోతే మొదటిరోజే తెలుస్తుంది డేటాబేస్ అంటే ఏంటో. ఒకే కస్టమరు పదిసార్లు బట్టలిస్తే ఆవిడ ఫోన్ నంబరు పదిచోట్ల రాస్తావా? నంబరు మారితే పదిచోట్లా దిద్దాలి. ఒకచోట మర్చిపోతే ఏది నిజమో ఎవరికీ తెలీదు. అందుకే కస్టమర్ల పట్టిక వేరు, ఆర్డర్ల పట్టిక వేరు. పుస్తకంలో నువ్వు బట్టీ పట్టిన నార్మలైజేషన్ ఇదేనే! ఇక కస్టమరుకి గుర్తుగా ఏది ప్రైమరీ కీ పెడతావు? పేరా? వీధికి నలుగురు లక్ష్ములున్నారు. ఫోన్ నంబరా? తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఇంట్లో ఉన్న ఒకే ఫోన్ నంబరు ఇస్తారు. అందుకే ఒక విడి నంబరు ఇచ్చి, అదే నంబర్ని ఆర్డర్ల పట్టికలో ఫారిన్ కీగా పెడతావు. ఈ నాలుగు ముక్కలూ ఇంటర్వ్యూలో ఇలాగే చెప్పు. డెఫినిషన్ అప్పజెప్పినదాని కంటే ఇది ఎంత బాగుంటుందో మా మొహాల్లోనే కనిపిస్తుంది నీకు.

జాయిన్‌లంటే నీకు దడ కదా. అమ్మ బ్లౌజుల లెక్క మీదే చూద్దాం. ఆర్డర్లిచ్చిన కస్టమర్లే కావాలంటే ఇన్నర్ జాయిన్. ఆర్డరేమీ ఇవ్వనివాళ్లతో సహా కస్టమర్లందరి పేర్లూ కావాలంటే, కస్టమర్ల పట్టికని ఎడమవైపు పెట్టి లెఫ్ట్ జాయిన్. ఇవ్వనివాళ్ల ఎదురుగా ఆర్డరు గడిలో నల్ వస్తుంది. ఆ నల్ ఉన్నవాళ్లని ఏరితే, ఇంతవరకూ ఒక్క ఆర్డరూ ఇవ్వనివాళ్లెవరో అమ్మకి లిస్టు ఇచ్చెయ్యొచ్చు. వేర్‌కీ హ్యావింగ్‌కీ తేడా కూడా తప్పకుండా అడుగుతారు. సంక్రాంతి నెల ఆర్డర్లే తీయమంటే వేర్, అది గుంపులు కట్టకముందు ఒక్కో వరసనీ వడగడుతుంది. మొత్తం బిల్లు అయిదు వేలు దాటిన కస్టమర్లు కావాలంటే ముందు గ్రూప్ బై చేసి మొత్తాలు కట్టాలి, ఆ తర్వాతే హ్యావింగ్ పనిచేస్తుంది. డిలీట్ వరసలు తీస్తుంది, ట్రంకేట్ పట్టికని ఖాళీ చేసి ఉంచుతుంది, డ్రాప్ పట్టికనే లేపేస్తుంది. ఇంత చాలు దాని గురించి.

రెండో అత్యధిక జీతం ఎవరిదో తీయమనే ప్రశ్న ఉంది చూశావూ, అది మా వాళ్లకి మహా ఇష్టం. ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నారు, ఇంకా అడుగుతూనే ఉంటారు. జీతాలని పెద్ద నుంచి చిన్నకి పేర్చి రెండోది తీసుకుంటానని చెబుతావు. వెంటనే వస్తుంది మెలిక: పైజీతం ఇద్దరికీ ఒకటే అయితే? అప్పుడు నువ్వు తీసిన రెండోది కూడా పెద్ద జీతమే అయి కూర్చుంటుంది. అన్నిటికంటే పెద్ద జీతం కంటే తక్కువ ఉన్నవాటిలో పెద్దది తీయమంటే ఆ తిప్పలు ఉండవు. డెన్స్ ర్యాంక్ తెలిస్తే అదీ చెప్పు. జవాబు బట్టీ పట్టినవాళ్లకి ఈ మెలిక దగ్గరే బండి ఆగుతుంది.

కోడింగ్ దగ్గరా అంతే. ఫ్రెషర్‌కి ఆకాశంలో చుక్కలు తెమ్మనరు. ప్రైమ్ సంఖ్యా కాదా చెప్పు, పదం తిరగేసినా ఒకటేనా చూడు, ఫిబొనాచి రాయి, ఎరేలో రెండుసార్లు వచ్చినవి తీసెయ్. ఇవే తిప్పితిప్పి వస్తాయి. ప్రైమ్‌కి 1 ఇస్తే ఏమొస్తుంది, 2 ఇస్తే ఏమొస్తుంది అని మేం అడక్కముందే నువ్వే చూసుకున్నావనుకో, ఆ రోజు నీ పంట పండినట్టే. ఆ సంఖ్య దాకా వెళ్లకుండా వర్గమూలం దాకా భాగిస్తే చాలని అందరూ చెబుతారు. ఎందుకు చాలు? 36ని చూడు. 4, 9 జంట. 3, 12 జంట. ఏ జంటలోనైనా ఒకటి 6కి మించదు. అందుకని 6 దాటాక కొత్తగా దొరికేదేమీ లేదు. ఈ 'ఎందుకు' చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఇంకో సంగతి, నోరు మూసుకుని రాసుకుపోవద్దు. ఏం ఆలోచిస్తున్నావో పైకి చెబుతూ రాయి. తప్పుదారి పడితే ప్యానెల్లో ఎవరో ఒకరు చిన్న మాట అందిస్తారు. నువ్వు మౌనంగా ఉంటే మేం మాత్రం ఏం అందించగలం?

తెలియకపోతే తెలియదని చెప్పు. సిగ్గేం లేదు. కాకపోతే అక్కడితో ఆపకు. 'ఇది నేను వాడలేదండీ, దీనికి దగ్గరగా ఫలానాది వాడాను' అని ఒక మెట్టు వెయ్యి. ఊహించి కథలల్లడం మాత్రం వద్దు, అది మాకు ఇట్టే తెలిసిపోతుంది.

'అక్కా, అదంతా సరే, ఇంగ్లిష్ సంగతేంటి?' అంటున్నావు కదూ. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలందరూ ఇక్కడే దిగాలు పడిపోతారు. విను, నీ యాస ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్ ఆఫీసుల్లో చాలామంది మన ఊళ్లవాళ్లే. చిన్న వాక్యం మొదలుపెట్టి పూర్తి చేయగలిగితే చాలు. కొన్ని కంపెనీలు వెర్సంట్ లాంటి మాటల పరీక్ష పెడతాయి. కనిపించిన వాక్యం చదవాలి, విన్న వాక్యం అలాగే తిరిగి చెప్పాలి, చిన్న కథ విని మన మాటల్లో చెప్పాలి. మనిషి కాదు, కంప్యూటరే మార్కులేస్తుంది. దీనికి గ్రామర్ పుస్తకం కంటే ఫోనే మేలు. రోజూ ఓ పది నిమిషాలు నీ ప్రాజెక్టు గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డు చేసుకో. విను. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది, అయినా విను. ఎక్కడ 'అ... అ...' అని సాగదీస్తున్నావో నీకే తెలుస్తుంది.

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే 'మైసెల్ఫ్ ఫలానా' అని ఎత్తుకుని, నాన్న ఏం చేస్తారు, అమ్మ గృహిణి, తమ్ముడు ఇంటర్ అని ఇంటిల్లిపాదినీ పరిచయం చేసి, హాబీల దగ్గర పాటలు వినడం అని ముగిస్తారు. నాన్న రైతు అని చెప్పుకోవడం గర్వమే, కాదనను. అయితే ఉన్నది ఒక్క నిమిషం. పేరు, కాలేజీ, బ్రాంచి ఒక్క వాక్యంలో తేల్చేసి నేరుగా ప్రాజెక్టులోకి వెళ్లు. అమ్మ బ్లౌజుల లెక్క కోసం ఒక అప్లికేషన్ చేశానని ఆగు. ప్యానెల్లో వాళ్లు దాన్నే పట్టుకుంటారు. నీకు బాగా వచ్చిన చోటికి నువ్వే లాక్కెళ్లావు, గమనించావా?

రాతపరీక్ష గురించి నీకు నేను చెప్పేదేం లేదు, మీ గ్రూపుల్లో రోజూ అదే గోల కదా. టీసీఎస్ ఎన్‌క్యూటీలో లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్, ఆపైన కోడింగ్ ఉంటాయని, మార్కుల్ని బట్టి నింజా, డిజిటల్, ప్రైమ్ అని విడదీస్తారని నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చూసుకో. చాలా కంపెనీలు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి, బ్యాక్‌లాగ్‌ల మీదా పట్టింపు ఉంటుంది. నోటిఫికేషన్ పూర్తిగా చదివి అప్లై చెయ్యి. మార్కు తక్కువుంటే సర్దేసి రాయకు. తర్వాత సర్టిఫికెట్లు తెప్పించుకుని మరీ సరిచూస్తారు.

ఇప్పుడు చాలా ఇంటర్వ్యూలు వీడియోలోనే. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చో. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి ఫోన్లో డేటా సిద్ధంగా ఉంచుకో. చుడీదార్ చాలు, కోటు కొనక్కర్లేదు. పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టి జవాబులు అందించమనడం, రెండో స్క్రీన్ మీద చాట్‌జీపీటీ తెరిచి పెట్టుకోవడం... వద్దే. కళ్లు ఒకే వరసలో ఎడమ నుంచి కుడికి కదులుతుంటే ఎదుటివాళ్లకి కనపడదా? పైగా ఆ జవాబులన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఉదయం నుంచి నలుగురి నోట అదే పేరా విన్నవాళ్లం మేం. కావాలంటే ముందు రోజుల్లో దాన్నే ఇంటర్వ్యూ చేయమని అడిగి సాధన చేసుకో, అది తెలివైన పని.

హెచ్ఆర్ దగ్గరికొచ్చేసరికి సంగతి వేరు. చెన్నై, పుణె వెళ్తావా, రాత్రి షిఫ్టు చేస్తావా అని అడుగుతారు. అక్కడ సరే అనేసి, జాయినింగ్ లెటర్ వచ్చాక ఇంట్లో పంపరని ఏడవడం కంటే ముందే నాన్నతో మాట్లాడు. రాత్రి షిఫ్టయితే ఇంటిదాకా క్యాబ్ ఉంటుందా అని అడిగితే నిన్నెవరూ తప్పుపట్టరు. పదిమందీ అంతకుమించీ పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చేరిన మొదటి వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకుని పెట్టుకో. పెళ్లెప్పుడు చేసుకుంటావని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అది అడగాల్సిన ప్రశ్న కాదు, నాకు ఒళ్లు మండుతుంది. అయినా నువ్వు అక్కడ గొడవకి దిగక్కర్లేదు. 'ఉద్యోగం చేయాలన్న నా నిర్ణయానికి దాంతో సంబంధం లేదండీ' అని నవ్వుతూ ఒక్క మాట చెప్పు చాలు. చివర్లో నువ్వేమైనా అడుగుతావా అంటే, శిక్షణ ఎన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత ప్రాజెక్టు ఎలా ఇస్తారని అడుగు.

బ్యాక్‌డోర్ అంటూ లక్షలు అడిగేవాళ్ల ఛాయలకే వెళ్లొద్దు. లేని రెండేళ్ల అనుభవం సృష్టించి పెడతామనే కన్సల్టెన్సీలు కూడా ఆ తానులో ముక్కలే. చేరాక వెరిఫికేషన్‌లో పాత పీఎఫ్ ఖాతా అడుగుతారు, ఏం చూపిస్తావు? ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఆ మచ్చ ఇంకో కంపెనీదాకా వెంటొస్తుంది. మేం ఎవరి దగ్గరా రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ తీసుకోం అని పెద్ద కంపెనీలు తమ వెబ్‌సైట్లలోనే రాసి పెట్టుకున్నాయి. ఉత్తుత్తి ఆఫర్ లెటర్ పంపి డబ్బులు కొట్టేస్తే సిగ్గుపడి దాచుకోకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే డబ్బు అంత తొందరగా ఆపగలుగుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇచ్చి రాకు. చూపించు, వెనక్కి తెచ్చుకో.

ప్యాకేజీ గురించి కూడా ఓ మాట. ఏడాదికి 3.36 లక్షలంటే నెలకి 28 వేలు చేతికొస్తాయని ఇంట్లో లెక్కలేసేస్తారు. రావు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, కొన్నిచోట్ల ఇన్సూరెన్సు కూడా ఆ అంకెలోనే కలిపి చూపిస్తారు. నీ వంతు పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం కోస్తారు. జీతం 20 వేలు దాటితే మన రెండు రాష్ట్రాల్లోనూ వృత్తిపన్ను నెలకి 200. వేరియబుల్ పే అని రాసిందేమో వస్తే వచ్చినట్టు. కాబట్టి హాస్టల్ చూసుకునే ముందు చేతికెంతొస్తుందో హెచ్ఆర్‌నే అడిగి తెలుసుకో. బాండ్ ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఆఫర్ లెటర్ వచ్చిందని పుస్తకాలు అటకెక్కించకు. 2022లో ఆఫర్లు అందుకున్నవాళ్లలో కొందరు రెండేళ్లదాకా పిలుపు కోసం ఎదురుచూశారు. చేరే తేదీ చేతికొచ్చేదాకా మిగతా కంపెనీల పరీక్షలు రాస్తూనే ఉండు.